బదులు పెట్టి వచ్చిన ముఖం

ఏడో భాగం

పోయిన వారం ఋతుజను మనం షోలాపూర్ కుంఠా నాకాలో వదిలి వచ్చాం. ఇంకా అక్కడే ఉంది. చంద్రభాగ ఇంట్లో, చంద్రభాగ ముఖంతో, చంద్రభాగ మోకాళ్ల నొప్పులతో, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పదకొండు రోజులైంది. ఇవాళ పన్నెండోది.

ఇప్పుడే మనతో చేరినవాళ్లకు నాలుగు ముక్కల్లో చెప్పాలి. ఋతుజకు ఇరవై ఆరేళ్లు. జోడ్‌భావి పేట్‌లో తల్లి యశోదతో ఉంటుంది. ఎవరైనా ఒప్పుకుని ఇస్తే వాళ్ల రూపం తీసుకోగలదు. అంత శక్తి పెట్టుకుని ఆ పిల్ల చేసేదల్లా, జ్వరం వచ్చిన ఆడవాళ్ల బదులు బీడీలు చుట్టి వాళ్ల బీడీ పని కార్డు పోకుండా చూడడం, వేలిముద్రలు అరిగిపోయిన ముసలమ్మల పడుచునాటి వేళ్లు తెచ్చుకుని పెన్షన్ మిషన్ ముందు నిలబడడం. ఎవరు అడిగినా కాదనదు. అదే ఆమె కొంప ముంచింది. బీడీలు చుట్టే చంద్రభాగ ఒకనాడు వచ్చి, ఒక్క పూట నా బదులు కూర్చో చెల్లె, సాయంత్రానికి వచ్చేస్తానంది. ఋతుజ కూర్చుంది. చంద్రభాగ రాలేదు.

తీసుకున్న ముఖాన్ని దాని మనిషికి ఎదురుపడి ఇచ్చేస్తే తప్ప దింపుకోవడం కుదరదు. పన్నెండో రోజు పొద్దు గూకిందంటే ఇక అదే ముఖం, అదే పేరు, చచ్చేదాకా.

మరి ఇన్ని రోజులు ఏం చేసిందని అడగకండి. అడిగితే ఆమె కోపం మీ మీదికి మళ్లుతుంది. మనుషులు కానివాళ్ల తగవులు తీర్చడానికి కుంఠా నాకాలో ఇద్దరు పెద్దలున్నారు. ఒకరు పెంటయ్య. చేమగ్గాల కాలంలో మగ్గం గుంటలో కాపురం పెట్టాడు. గుంట పూడ్చి, సిమెంటు పోసి, పైన పవర్లూమ్ బిగించినా ఆయన ఇల్లు ఖాళీ చేయలేదు. రెండో పెద్ద సీతాబాయి. ఈమె నల్లాలో ఉంటుంది. నీళ్లతో పాటే వస్తుంది, నీళ్లు ఆగగానే పోతుంది. షోలాపూర్‌లో నల్లా నీళ్లు నాలుగు రోజులకోసారి, ఆ సంగతి తెలిసినవాళ్లకు మిగతాది చెప్పక్కర్లేదు. ఇద్దరూ కూర్చుంటేనే పంచాయతీ. మొదటి నీళ్ల రోజున, చంద్రభాగ రేపో మాపో వస్తుందిలే అని ఋతుజ ఊరుకుంది. రెండో నీళ్ల రోజున ఎక్కడో పైపు పగిలి చుక్క రాలేదు. మూడోది ఇవాళ, మధ్యాహ్నం మూడున్నరకు.

దానికి తోడు పొద్దున బీడీ కంపెనీ బ్రాంచిలో ఇంకో రగడ అయింది. చుట్టిన బీడీలు అప్పగించడానికి వెళ్తే, వాటిని చూసి తీసుకునే అంబాదాస్, ఇన్నాళ్లూ పైపైన చూసినవాడు, ఇవాళ ఒక కట్ట విప్పి, బీడీని వెలుతురుకు పెట్టి చూశాడు. రూపం మారినా ఋతుజ చేయి మారదు. అందరూ ఆకును కుడికి చుడితే ఆమె ఎడమకు చుడుతుంది. దారం కూడా తిరగేసి తిప్పుతుంది. పద్దెనిమిదేళ్లుగా నీ బీడీలు చూస్తున్నాను, ఈ చేయి నీది కాదు, నీ కార్డు మీద ఎవరితో చుట్టిస్తున్నావని అంబాదాస్ నిలదీశాడు. సగం కట్టలు తీసి పక్కన పారేశాడు. రేపటి నుంచి తన ఎదుట కూర్చుని చుట్టి చూపించాలని, లేదా కార్డు మీద ఆశ వదులుకోవాలని చెప్పాడు. ఋతుజ పారేసిన కట్టలు ఏరుకుంది. అతను చెప్పింది నిజమే కదా. నిజం చెప్పినవాడితో పోట్లాడలేకపోవడమంత చికాకు ఇంకోటి లేదు.

ఇంటికొస్తే చంద్రభాగ అత్త పార్వతీబాయి, కట్టలు ఎందుకు తగ్గాయని గంటసేపు సణిగింది. ఆ సణుగుడు పడాల్సింది ఋతుజ కాదు, చంద్రభాగ. పడింది మాత్రం ఋతుజ.

మూడున్నరకు కరెంటు పోయి కుంఠా నాకాలో మగ్గాలన్నీ ఆగాయి. ఆ చప్పుడు ఆగితే గానీ పెంటయ్యకు మాటలు వినపడవు. ఋతుజ కాచుకున్న పవర్లూమ్ షెడ్డు బయట నల్లా బుసకొట్టి, ఎర్రటి నీళ్లు కక్కి, తర్వాత మంచి నీళ్లు పోసింది. సీతాబాయి తడిసిన చీర కొంగు పిండుకుంటూ గట్టు మీద కూర్చుంది. పెంటయ్య మగ్గం కింది నుంచి వచ్చి రెండుసార్లు తుమ్మాడు. ఆయన కనుబొమ్మల నిండా దూది.

ఋతుజ పదకొండు రోజుల కోపాన్ని వాళ్ల ముందు కుమ్మరించింది. వెతకని చోటు లేదని, చుట్టాల ఊళ్లన్నిటికీ ఫోన్లు చేశానని, పొద్దు గూకడానికి ఇంకా రెండున్నర గంటలే ఉందని చెప్పింది. పెంటయ్య అంతా విని తీరుబడిగా ఒకటే ప్రశ్న అడిగాడు.

"ముఖం తీసుకునేటప్పుడు ఏమన్నవ్ బిడ్డా? ఆ మాట జెప్పు."

"ఏమంట తాతా, రోజూ అనేదే. ఆమె ఇచ్చింది, తీసుకున్న. నాది నీ దగ్గర ఉండనీ అక్కా అన్న, కూసున్న."

పెంటయ్య మూడో తుమ్ము సగంలోనే ఆగిపోయింది. సీతాబాయి నెత్తి కొట్టుకుంది. నీళ్లు చింది ఋతుజ మీద పడ్డాయి.

ఆ వాడలో ఒక పద్ధతుంది. పక్కింట్లో కత్తెర అడిగి తెచ్చుకుంటే ఎవరూ ఉత్తగా తెచ్చుకోరు. తమ చాటో, ఆకు కొలిచి కత్తిరించే రేకు ముక్కో అక్కడ పెట్టి, నాది నీ దగ్గర ఉండనీ అక్కా అని చెప్పి తెచ్చుకుంటారు. అలా పెట్టినదాన్ని అవతలివాళ్లు వాడుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. పుట్టిన దగ్గర్నుంచి ఆ మాట విని, అని, అది ఋతుజ నోటికి అలవాటైపోయింది. ఎవరి ముఖం తీసుకున్నా అదే మాట అనేది. ఇన్నాళ్లూ ముఖాలిచ్చినవాళ్లు జ్వరంతో మూలుగుతూ పడుకునేవాళ్లు కాబట్టి, పెట్టినదాన్ని వాడుకోవాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

"అది కత్తెర కాదు కదనే," అంది సీతాబాయి. "నీ ముఖం నువ్వే పెట్టొచ్చినవ్. ఆమె తొడుక్కున్నది. అండ్ల ఆమె గల్తీ ఏమున్నది?"

చంద్రభాగ మామూలు మనిషి కదా, ఆమెకు రూపం మార్చడం ఎలా వస్తుందని ఋతుజ వాదించింది. ఇచ్చిన అంగీ తొడుక్కోవడానికి కుట్టు పని తెలియాలా అని పెంటయ్య అడిగాడు. ఋతుజ దగ్గర ఇంకో ప్రశ్న ఉంది గానీ, అది అడగడానికే భయం వేసింది. చివరికి అడిగింది. నా ముఖం వేసుకుని చంద్రభాగ ఎక్కడికి పోయింది?

"ముఖం దాని ఇంటికి పోతది," అన్నాడు పెంటయ్య. "ఇంకేడికి పోతది?"

చంద్రభాగ తనంతట తాను ఇచ్చేస్తే సరే. ఇవ్వకపోతే ఒకటే దారి ఉందని ఆయన చెప్పాడు. పేరు పెట్టిన తల్లి ఇద్దరినీ ముందు కూర్చోబెట్టుకుని, ఎవరు ఎవరో తెలిసి, ఆ పేరుతో ఒక్కసారి పిలవాలి. ముందు పలికినదానిదే ముఖం. సీతాబాయి లేచి నిలబడి, ఇంకో మాట ఉంది, వినుకో, అంటూ చేయెత్తింది. అంతలో నల్లా గుటకేసి ఆగిపోయింది. గట్టు మీద తడి మచ్చ తప్ప ఏమీ మిగలలేదు. కింద పెట్టిన బిందె సగం కూడా నిండలేదు.

ఋతుజకు ఏడవాలనిపించింది. ఆమె ఏం చెప్పబోయిందని పెంటయ్యను అడిగింది. పలికేటప్పుడు ఆలస్యం చేయొద్దని చెబుతుంది, అందరికీ అదే చెబుతుంది, ఇక నడువు అన్నాడాయన.

షేర్ ఆటో అశోక్ చౌక్ దగ్గర ఆగిపోయింది. ముందు ఒక టెంపో, దాని నిండా టవల్ బేళ్లు, దాని డ్రైవరుకు, ఒక మోటార్ సైకిల్ వాడికి గొడవ. ఋతుజ దిగి నడిచింది. చంద్రభాగ మోకాళ్లు పరుగుకు ఒప్పుకోలేదు. తన కాళ్లయితే పది నిమిషాల దారి. దారిలో సరోజ అనే ఆమె ఆపి, చంద్రభాగక్కా, మొన్న తీసుకున్న చాట ఎప్పుడిస్తావని అడిగింది. ఋతుజ చేతులు జోడించి ముందుకు నడిచింది.

నడుస్తూ ఒక సంగతి గుర్తు చేసుకుంది. రెండో రోజున తల్లికి ఫోన్ చేసింది. గొంతు చంద్రభాగదే అయినా తల్లికి అలాంటివి అలవాటే కాబట్టి, అమ్మా, నేనే, పని మీద ఉన్నా, ఇంకో రెండు రోజులు రాను అని చెప్పింది. యశోద సరే అని పెట్టేసింది. ఎక్కడ ఉన్నావనలేదు, ఎప్పుడొస్తావనలేదు. తల్లికి తన మీద కోపం మామూలే కదా అని ఋతుజ ఊరుకుంది. ఇప్పుడు ఆ సరే అన్న మాటకు అర్థం తెలిసింది. ఆ రోజు అమ్మ పక్కన ఇంకో ఋతుజ కూర్చుని ఉంది.

జోడ్‌భావి పేట్‌లో ఇంటి తలుపు తీసే ఉంది. పడమటి కిటికీ నుంచి వచ్చే ఎండ అవతలి గోడ మీద క్యాలెండర్ దాకా ఎక్కింది. దాని కింద యశోద, ఆమె కుడిపక్కన ఋతుజ ముఖంతో చంద్రభాగ, ఇద్దరి ఒళ్లలో రెండు చాటలు. తన ముఖాన్ని ఎదుట నుంచి చూడడం ఋతుజకు అదే మొదలు. అద్దంలో ఎప్పుడూ విసుగ్గా ఉండే ఆ ముఖం ఇప్పుడు తేటగా ఉంది. తలకు నూనె పెట్టి, నున్నగా దువ్వి, జడ వేసి ఉంది. ఆ జడ ఎవరు వేశారో చెప్పక్కర్లేదు. ఋతుజకు ఒళ్లు మండింది.

చంద్రభాగ తలెత్తి చూసింది. తన ముఖమే గుమ్మంలో నిలబడితే ఎవరైనా బెదురుతారు. ఆమె బెదరలేదు, తల దించుకుంది.

"సాయంత్రానికి వచ్చేద్దామనే అనుకున్న చెల్లె," అంది. "నా చెల్లెలి ఊరికి పోయి వద్దామనే నిన్ను కూసోబెట్టిన. పోయేముందు నీ ముఖంతోని ఇట్ల వస్తే మీ అమ్మ చూసి, తిన్నవా అన్నది. అన్నం పెట్టింది. చెప్పులేసుకున్న, మల్ల ఇడిసిన. పెండ్లయి పద్దెనిమిదేండ్లు, నన్ను తిన్నవా అని అడిగినోళ్లు లేరు. ఇంకొక్క దినం, ఇంకొక్క దినం అనుకుంట ఉండిపోయిన."

ఆ పదకొండు రోజులు తాను ఎవరి మెతుకులు తిన్నదో, ఎవరి తిట్లు తిన్నదో ఋతుజకు బాగా తెలుసు. పార్వతీబాయి వడ్డించే అన్నంలో సణుగుడే ఎక్కువ. అందుకే చంద్రభాగ మీద కోపం నిలబడలేదు, జారిపోయింది. కోపం కూడా తన చేతిలో లేకపోవడం ఋతుజకు ఇంకా విసుగు తెప్పించింది. పొద్దు గూకితే ఏమవుతుందో చెప్పింది. అది చంద్రభాగకు తెలియదు. విని, చేతిలోని బీడీ మూతి మడవడం ఆపింది. నా ముఖం నాకు ఇచ్చేయ్ అక్కా, నీది నీకిస్తా అని ఋతుజ అడిగింది. చంద్రభాగ మళ్లీ మడవడం మొదలుపెట్టింది.

ఇక మిగిలింది తల్లి. ఋతుజ యశోద ఎదుట నేల మీద కూలబడింది. చంద్రభాగ మోకాళ్లు కటకటమన్నాయి. అమ్మా, నేను ఋతుజను, ఆమె కాదు అని మొదలుపెట్టింది. రుజువు కోసం చాటలోంచి ఆకు తీసుకుంది. నేను ఎడమకు చుడతాను, ఆమె కుడికి చుడుతుంది, నువ్వే చూడు అంది.

యశోద ఆ ఆకును చూడలేదు.

"మొదటి దినమే తెల్సింది," అంది. "మొదటి బీడీకే."

వాడలో ఆడపిల్లలు బీడీ నేర్చుకునేటప్పుడు తల్లికి కుడిపక్కన కూర్చుంటారు. తల్లి చేయి ఎటు తిరిగితే పిల్ల చేయి అటు తిరుగుతుంది. ఋతుజ ఒక్కతే ఏడేళ్ల వయసులో ఎదురుగా కూర్చుంది. అప్పటికే ఆమెకు తల్లి ముఖం తెచ్చుకుని ఆడుకోవడం అలవాటు. అందుకని తల్లి కళ్లలోకే చూస్తూ కూర్చునేది. ఎదురుగా కూర్చుని చూసిందంతా తిరగేసి నేర్చుకుంది. పక్కకు వచ్చి కూర్చోమని యశోద ఎన్నిసార్లు లాగినా వినలేదు. ఆ తిరగేసిన చుట్టును ఎరగని తల్లి ఉంటుందా?

"తెల్సి కూడ ఎందుకు ఊకున్నవ్?" అంది ఋతుజ. "పన్నెండు దినాల నుంచి నేను అక్కడ చస్తున్న అమ్మా. నీకు తెల్సి, ఒక్క మాట..."

"ఎవరికి జెప్పాలె? పని మీద ఉన్న అంటివి. నువ్వెప్పుడు పని మీద లేవు?" యశోద గొంతు పెరగలేదు. అదే భయం వేసేలా ఉంది. "ఆరేండ్ల సంది నీ ముఖంతోని నా పక్కన ఎన్ని దినాలు కూసున్నవో జెప్పు. జ్వరమొచ్చినోళ్లకు నువ్వే, పెన్షన్‌కు నువ్వే, వాడల అందరికి నువ్వే. పోయిన నెల నాకు పదిరోజులు జ్వరం. మందు ఎవరు తెచ్చిచ్చిన్రో ఎరుకనా నీకు?"

ఋతుజకు ఎరుక లేదు. తల్లికి జ్వరం వచ్చిన సంగతే తెలియదు. ఆ పది రోజులు తాను ఇంకెవరి జ్వరానికో బదులు కూర్చుని ఉంటుంది.

"ఈమెను ఋతుజా అంటే ఆఁ అంటది," అని యశోద చంద్రభాగ వైపు చూపించింది. "ఒక్క పిలుపుకే. నిన్ను మూడుసార్లు పిలువాలె చిన్నప్పటి సంది. పరాయి బిడ్డ అని తెల్సు. తెల్సే పిలిచిన. వినడానికి మంచిగుండె."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. అబద్ధమైతే కొట్టిపారేయొచ్చు. ఒకళ్ల ముఖంలోంచి ఇంకొకళ్ల ముఖంలోకి మారేవాళ్లకు పేరు వినపడగానే వెంటనే పలకడం చేతకాదు. ఇప్పుడు నేనెవరిని అని ముందు చూసుకోవాలి. ఆ చూసుకోవడంలోనే రెండు పిలుపులు దాటిపోతాయి. ఈ సంగతి తల్లికి ఏనాడూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఇన్నేళ్లలో సగం గొడవలు ఉండేవి కావేమో. ఇప్పుడు చెప్పడానికి టైము లేదు. ఎండ క్యాలెండర్ దాటి, దాని పైనున్న గోడ గూటి దాకా ఎక్కింది.

"నీకు కావలసింది నేనా, పక్కన కూసునే మనిషా?" అని ఋతుజ అడిగింది. అడిగేటప్పుడు కోపంగానే అడిగింది. మాట చివరికొచ్చేసరికి కోపం లేదు.

యశోద చాటను ఒళ్లోంచి దింపి పక్కన పెట్టింది. చేతులకంటిన తంబాకు కొంగుతో తుడుచుకుంది. ఆమె కళ్లలో నీళ్లు నిండాయి.

"నువ్వే," అంది. "గందుకే ఇంత కోపం."

వీధిలో ఎవరో బిందెలు కడుగుతున్నారు. ఈ పేట్‌కు ఇంకా నీళ్లు రాలేదు. రాకముందే గిన్నెలూ బకెట్లూ వరుసలో పెట్టి ఉంటాయి. ఋతుజ తల్లి చేయి పట్టుకుని, పెంటయ్య చెప్పినదంతా గబగబా చెప్పింది. ఇద్దరినీ ముందు పెట్టుకుని, ఎవరు ఎవరో తెలిసి, ఒక్కసారే పిలవాలి. యశోద విని, చంద్రభాగను కూడా ఎదురుగా వచ్చి కూర్చోమంది. చంద్రభాగ లేవడానికి ఒక క్షణం తటపటాయించింది. తన చాటలో మిగిలిన ఆకును తడిగుడ్డ కింద పెట్టింది, ఎండిపోకుండా. తర్వాత వచ్చి ఋతుజ పక్కన కూర్చుంది. ఆమె కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. ఋతుజకు అవి తన కళ్లే.

"అత్తా," అంది చంద్రభాగ, "నేను మల్ల ఆడికి పోవాల్నా?"

యశోద చంద్రభాగ తల మీద చేయి పెట్టి తీసేసింది. ఋతుజ తల మీద కూడా అలాగే పెట్టి తీసేసింది. చూస్తూ పిలవడం తన వల్ల కాదని, కళ్లు మూసుకుంటానని చెప్పింది. ఒక్కసారే పిలుస్తానని, ఈసారన్నా ఒక్క పిలుపుకు పలకమని ఋతుజకు చెప్పింది. ఋతుజ తల ఊపింది. నాలుక చివర ఆఁ అన్న మాట సిద్ధంగా పెట్టుకుంది. గోడ మీద ఎండ వేలెడంత మిగిలింది.

యశోద కళ్లు మూసుకుంది.

"ఋతుజా," అని పిలిచింది.

పన్నెండు రోజులుగా ఋతుజ ఒకటే నేర్చుకుంది. ఆ పేరు చెవిన పడితే మెడ తిప్పకూడదు, పెదవి కదపకూడదు. కుంఠా నాకాలో ఎవరైనా ఆ పేరెత్తినప్పుడల్లా, నేను చంద్రభాగను, నేను చంద్రభాగను అని లోపల అనుకుంటూ బీడీ మీదే చూపు నిలిపింది. ఇప్పుడు కూడా మెడ తిరగలేదు. పెదవి కదలలేదు. అది అర్థమై ఆమె నోరు తెరిచేలోపు పక్కనుంచి మాట వచ్చింది.

"ఆఁ, వచ్చిన అమ్మా," అంది చంద్రభాగ.